చిట్టెలుకకు సరిపోయే స్కానర్

(ఒంగోలులో సైన్స్ విద్యార్థులు, అధ్యాపకులు, ఊరి పెద్దలు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, మాస్టార్లున్నారు, వెనక వరసల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలున్నారు. ప్రయోగశాలల్లో పెంచే చిట్టెలుకలకూ ఎలుకలకూ స్కానర్లు డిజైన్ చేయడం నా పని. పెద్దాసుపత్రుల్లో మనుషులకు పెట్ సీటీ అని తీస్తారే, అలాంటిదే, ఎలుక కొలతకు. ఈ సంగతి ఒంగోలులో ఎందుకు మాట్లాడుతున్నానంటే, దానికి కారణం మన నీళ్ళలో ఉంది.

1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు కొందరు మన ప్రాంతం గురించి రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో కదా వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. నడుము పట్టేసి, మెడ తిప్పలేక, ముందుకు వంగిపోయిన మనుషుల్ని పరీక్షించి, తాగే నీళ్ళలోని ఫ్లోరైడే దీనికి మూలమని షార్ట్, పండిట్, రాఘవాచారి, వాళ్ళతో పనిచేసినవాళ్ళు తేల్చారు. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన మొట్టమొదటి నివేదికలు ఇవే. గారపళ్ళయినా, వంగిన నడుములయినా ఈ సభలో చాలామంది పుస్తకంలో చదివి తెలుసుకున్నవి కావు, ఇళ్ళల్లో చూసినవి.

ఇన్నేళ్ళయినా ఎముక లోపల ఏం జరుగుతుందో పట్టుకోవడం తేలిక కాదు. మార్పు ఎప్పుడు మొదలవుతుంది, వెన్నులో ముందా మోకాలిలో ముందా, మంచినీళ్ళకు మారితే ఎంతవరకు తిరిగొస్తుంది, తిండిలో కాల్షియం పెరిగితే ఏమవుతుంది? ఎక్స్‌రేలో తేడా కనపడేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. పోనీ మనుషుల్లోనే చూద్దామంటే ఒకరు తాగిన బోరు నీళ్ళు ఇంకొకరు తాగరు, ఒకరు తిన్న తిండి ఇంకొకరు తినరు. కావాలని ఎవరికైనా ఫ్లోరైడ్ తాగించి చూడటమన్నది మాట వరసకు కూడా అనకూడదు. అందుకని ఎలుకల దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది.

ఎలుకల్లో పాత పద్ధతి ఏమిటంటే, కొన్ని గుంపులకు ఫ్లోరైడ్ కలిపిన నీళ్ళు పెడతారు. రెండు వారాలకోసారి ఒక గుంపును చంపి, ఎముకలు తీసి, కాల్చి, తూచి, కొలుస్తారు. ఒక్కో ప్రాణికి దొరికేది ఒక్క కొలతే. మొదటి గుంపులో ఎలుకలు వేరు, ఆఖరి గుంపులో ఎలుకలు వేరు. వాటి మధ్య తేడా ఫ్లోరైడ్ వల్ల వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అని తేల్చడానికి ఇంకా ఎక్కువ ఎలుకలు కావాలి. స్కానర్ ఉంటే అదే ఎలుకను మొదటి వారం నుంచి చివరి వారం దాకా చూడొచ్చు. దానికదే పోలిక. చచ్చే ప్రాణుల సంఖ్య తగ్గుతుంది, లెక్కలో నమ్మకం పెరుగుతుంది. నేను ఈ వృత్తిలో ఉండటానికి కారణం ముఖ్యంగా ఇదే.

ఇక స్కానర్ సంగతి. రెండు రకాల చూపు కావాలి. సీటీ అంటే ఎక్స్‌రే. ఎముక ఎంత మందం ఉంది, ఎంత సాంద్రంగా ఉంది, ఎక్కడ అనవసరంగా పెరిగింది, ఇవన్నీ చూపిస్తుంది. అంటే ఇప్పటిదాకా జరిగిపోయింది చూపిస్తుంది. ఈ వారం ఎముక ఎక్కడ కొత్తగా కడుతోంది అన్నది అది చెప్పలేదు. అది చెప్పేది పెట్. కొద్దిగా రేడియోధార్మికమైన మందు ఒంట్లోకి ఎక్కించి, అది ఎక్కడ పోగైందో చూసే స్కాన్ అది.

పెట్‌లో మనకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. ఎముకలకు వాడే మందు కూడా ఫ్లోరైడే! నీళ్ళలో ఉన్నది ఫ్లోరిన్-19, స్థిరమైనది. మేము వాడేది ఫ్లోరిన్-18, రేడియోధార్మికమైనది, సైక్లోట్రాన్‌లో తయారవుతుంది, 110 నిమిషాలకోసారి సగమవుతుంది. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండే చోటికి ఫ్లోరైడ్ వెళ్ళి కూర్చుంటుంది. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఏ దారిన ఎముకలోకి పోతుందో, ఇదీ అదే దారిన పోతుంది. 1962లోనే బ్లౌ, ఆయన సహచరులు దీన్ని ఎముకల స్కాన్‌కు వాడి చూపించారు.

ఫ్లోరోసిస్ ఎలుకకు మళ్ళీ ఫ్లోరైడే ఇస్తే ప్రయోగం చెడిపోదా అని మీరు అడగాలి. లెక్క వేద్దాం. ఒక చిట్టెలుకకు 5 మెగాబెక్వరెల్ ఇచ్చామనుకోండి. అంటే సెకనుకు 50 లక్షల విఘటనలు. అర్ధాయువు తెలుసు కాబట్టి పరమాణువులు ఎన్నో లెక్కకట్టొచ్చు, దాదాపు 4,700 కోట్లు వస్తాయి. బరువులో చూస్తే గ్రాములో లక్ష కోట్ల వంతు కంటే కాస్త ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, అంటే మనకు చెప్పిన హద్దు దగ్గర ఉన్న నీళ్ళు ఒక్క చుక్క తీసుకుంటే, అందులో ఉన్న ఫ్లోరైడ్ ఈ మందులోని ఫ్లోరిన్-18 కంటే సుమారు 50 వేల రెట్లు ఎక్కువ. కాబట్టి చెడిపోదు.

ఫ్లోరిన్-18 నుంచి పాజిట్రాన్ వస్తుంది, అంటే ఎలక్ట్రాన్ లాంటిదే కానీ ధనావేశం ఉన్న కణం. అది కాస్త దూరం పోయి ఎలక్ట్రాన్‌ను కలుస్తుంది, రెండూ మాయమై 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు దాదాపు ఎదురెదురు దిక్కులకు పోతాయి. చుట్టూ వలయంలా డిటెక్టర్లు పెట్టి ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుంటే, వాటి మధ్య గీసిన గీత మీద ఎక్కడో ఆ మందు ఉన్నట్టు. అలాంటి గీతలు లక్షల్లో పోగైతే బొమ్మ వస్తుంది.

పెట్ బొమ్మ ఒక్కటే చూస్తే చీకట్లో మచ్చలు. చిట్టెలుకలో మోకాళ్ళు, భుజాలు బాగా వెలుగుతాయి, ఎందుకంటే ఎముక పెరిగేది ఆ చివర్లలో. మూతి దగ్గర పళ్ళు వెలుగుతాయి, దాని ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎముకకు పట్టని మందు మూత్రంలో పోతుంది కాబట్టి మూత్రాశయం అన్నిటికంటే ఎక్కువ వెలుగుతుంది, పక్కనున్న కటి ఎముకల్ని మింగేస్తుంది. ఏ వెలుగు ఏ ఎముకదో చెప్పాలంటే కింద సీటీ బొమ్మ ఉండాలి. మనుషులకు ఈ రెండింటినీ ఒకే యంత్రంలో పెట్టినవాళ్ళు డేవిడ్ టౌన్సెండ్, రాన్ నట్. వాళ్ళ మొదటి నమూనా 1998లో పిట్స్‌బర్గ్‌లో రోగుల్ని స్కాన్ చేయడం మొదలుపెట్టింది.

మరి ఆ యంత్రాన్నే చిన్నగా చేస్తే సరిపోదా? ఇంజనీరింగ్ పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఇదే, మంచి ప్రశ్న కూడా.

మనిషి 70 కిలోలు, చిట్టెలుక 25 గ్రాములు. బరువులో 2,800 రెట్లు తేడా, పొడవులో చూస్తే సుమారు 14 రెట్లు. మనుషుల పెట్‌లో 4, 5 మిల్లీమీటర్ల వివరం కనపడుతుంది. అదే నాణ్యత చిట్టెలుకలో కావాలంటే 0.3 మిల్లీమీటర్లు కావాలి. ఇక్కడ ప్రకృతే అడ్డం నిలబడుతుంది. ఫ్లోరిన్-18 పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను కలిసేలోపు నీళ్ళలో సగటున 0.6 మిల్లీమీటర్ల దాకా పోతుంది. ఎలుక చిన్నదైంది కదా అని పాజిట్రాన్ తక్కువ దూరం పోదు. ఎంత డబ్బు పెట్టినా దీన్ని కొనలేం.

ఎలుక చిన్నది కావడం వల్ల కలిసొచ్చేదీ ఉంది. ఆ రెండు గామా కిరణాలు సరిగ్గా ఎదురెదురుగా పోవు, చిన్న కోణం తేడా ఉంటుంది. దాని వల్ల వచ్చే మసక వలయం వ్యాసాన్ని బట్టి పెరుగుతుంది. 80 సెంటీమీటర్ల వలయంలో 1.8 మిల్లీమీటర్లు, 15 సెంటీమీటర్ల వలయంలో 0.3 చిల్లర. పైగా డిటెక్టర్లు దగ్గరికొస్తే ఎక్కువ కిరణాలు దొరుకుతాయి. అది చాలా అవసరం, ఎందుకంటే వివరం అన్ని వైపులా రెండింతలు సన్నగా కావాలంటే బొమ్మలోని ఒక్కో గడి పరిమాణం ఎనిమిదో వంతవుతుంది, అందులో పడే కిరణాల లెక్కా ఎనిమిదో వంతవుతుంది.

అయితే వలయం దగ్గరికి జరపగానే కొత్త చిక్కు మొదలవుతుంది. డిజైన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమస్య కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. డిటెక్టర్‌లో లుటీషియం ఉన్న క్రిస్టల్ కడ్డీలు ఉంటాయి, ఎల్.ఎస్.ఓ. అంటాం. పెట్టెలో సుద్దముక్కలు నిలబెట్టినట్టు పక్కపక్కన పేర్చి ఉంటాయి, మూతి ఎలుక వైపు. గామా కిరణం తగిలితే క్రిస్టల్‌లో చిన్న మెరుపు వస్తుంది, వెనకున్న సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. ఏ కడ్డీ మెరిసిందో తెలుస్తుంది కానీ ఆ కడ్డీలో ఎంత లోతున మెరిసిందో తెలియదు. ఎలుక నట్టనడుమ నుంచి వచ్చిన కిరణం కడ్డీలోకి నిటారుగా దిగుతుంది, లోతు తెలియకపోయినా గీత మారదు. ఎలుక పక్క నుంచి, తొడ ఎముక నుంచి వచ్చిన కిరణం ఏటవాలుగా వస్తుంది. ఒక కడ్డీ మూతిలోంచి దూరి, పక్క కడ్డీలో లోపలెక్కడో మెరుస్తుంది. మనం ఆ పక్క కడ్డీ మూతి నుంచి గీత గీస్తాం. గీత జరిగిపోతుంది, తొడ ఎముక మసకబారుతుంది.

వలయం ఎంత చిన్నదైతే ఎలుక అందులో అంత భాగం నిండుతుంది, ఏటవాలు అంత పెరుగుతుంది. పోనీ కడ్డీ పొట్టిది చేద్దామంటే కిరణాలు తగలకుండా దాటిపోతాయి. 1997 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ.లో సైమన్ చెర్రీ బృందం కట్టిన మైక్రోపెట్‌లో 2 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల పొడవున్న కడ్డీలు పెట్టారు, వలయం 17 సెంటీమీటర్లు. వివరం 1.8 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. అక్కడి నుంచి ముందుకు పోవడానికి అందరూ పడ్డ కష్టం ఈ లోతు కనుక్కోవడం కోసమే. కడ్డీకి రెండు చివరలా సెన్సర్లు పెట్టి, ఏ చివర ఎక్కువ వెలుగు వచ్చిందో చూసి లోతు చెప్పడం ఒక దారి. రెండు వరసల కడ్డీల్ని కాస్త జరిపి ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇంకో దారి. అసలు కడ్డీలే లేకుండా ఒకే దిమ్మ క్రిస్టల్ పెట్టి, వెనక వెలుగు ఎలా పరుచుకుందో చూసి మెరుపు ఎక్కడిదో లెక్కకట్టడం మరో దారి. నా ఓటు దిమ్మకే. క్యాలిబ్రేషన్‌కు ఓపిక కావాలి, ఎంత కావాలంటే చేసేవాళ్ళకు విసుగొస్తుంది, కానీ తొడ ఎముక తొడ ఎముకలా కనిపిస్తుంది.

ఎల్.ఎస్.ఓ.లోని లుటీషియంలో కొంత భాగం సహజంగానే రేడియోధార్మికం. మనిషికిచ్చే మోతాదు ముందు అది లెక్కలోకి రాదు. ఎలుకకు తక్కువ మోతాదు ఇచ్చి సన్నని తేడాలు చూడబోతే అదీ లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు సీటీ వైపు చూద్దాం. ఇక్కడ ఆశను అదుపులో పెట్టుకోవాలి. సీటీలో వివరం రెండింతలు సన్నగా, బొమ్మలో చుక్కలచుక్కలుగా కనపడే గరగర పెరగకుండా కావాలంటే ఎక్స్‌రే మోతాదు 16 రెట్లు పెంచాలి. నాలుగో ఘాతం లెక్క అది. రెండు వారాలకోసారి ఒకే ఎలుకకు అంత మోతాదు ఇస్తే, ఆ రేడియేషనే మూలుగను, ఎముకను మార్చేస్తుంది. ఫ్లోరైడ్ చేసిందేదో మనం చేసిందేదో తేలదు. అందుకని మధ్యలో వచ్చే స్కాన్లన్నీ తక్కువ మోతాదులో, ఎముక ఎక్కడుందో తెలిసేంత వరకే తీసి, సన్నని వివరం ఆఖరి స్కాన్‌కు దాచుకోవాలి. మనుషుల పెట్‌లో సీటీకి ఇంకో పెద్ద పని ఉంది, శరీరంలోనే ఆగిపోయిన గామా కిరణాల్ని లెక్కగట్టి సరిచేయడం. లావుగా ఉన్న మనిషి పొట్టలో 90 శాతానికి పైగా కిరణాల జంటలు పోతాయి. 25 మిల్లీమీటర్ల చిట్టెలుకలో పోయేది ఐదో వంతే. ఆ పని ఇక్కడ చిన్నదైపోతుంది.

దానికి బదులు చిట్టెలుకలో సీటీ చేసే పెద్ద పని వేరే ఉంది. చిట్టెలుక తొడ ఎముక పొడవు 15 మిల్లీమీటర్లు, దాని గట్టి గోడ మందం 0.2 మిల్లీమీటర్ల దగ్గర. మన పెట్ చూపు బాగా వస్తే 1 మిల్లీమీటరు. అంటే ఆ గోడలోని వెలుగు పక్కనున్న కండలోకి, మూలుగలోకి కారిపోయి పల్చగా కనపడుతుంది. ఇప్పుడు ఫ్లోరైడ్ వల్ల గోడ మందమైందనుకోండి. లోపల జరిగే పని ఏమీ పెరగకపోయినా, మందం పెరిగింది కాబట్టి పెట్‌లో వెలుగు పెరిగినట్టు కనిపిస్తుంది! పెట్ ఒక్కటే చూసినవాడు ఎముక జోరుగా కడుతోందని రాసేస్తాడు. సీటీ పక్కనుంటే అసలు మందం తెలుసు కాబట్టి, వెలుగు ఎంత కారిపోయిందో లెక్కకట్టి నిజమైన అంకె రాబట్టొచ్చు. రెండు యంత్రాల్నీ కలపమని నేను పట్టుబట్టేది ఇందుకే. రెండు బొమ్మలు పక్కపక్కన అందంగా ఉండటానికి కాదు, ఒకటి లేకపోతే రెండోదాని అంకె అబద్ధమాడుతుంది కాబట్టి.

ఇక పడక. డిటెక్టర్ గురించి గంటలు మాట్లాడేవాళ్ళు పడక దగ్గరికొచ్చేసరికి రెండు మాటల్లో తేల్చేస్తారు. నాకైతే సగం డిజైన్ అక్కడే ఉంటుంది. ఎలుకకు ఐసోఫ్లూరేన్ మత్తు ఇస్తాం, మూతికి చిన్న గొట్టం, ముందు పళ్ళు పట్టుకునే కడ్డీ. పొట్ట కింద ఊపిరి చూసే చిన్న గాలి తిత్తి. తోక నరంలోకి సన్నని గొట్టం. ఇచ్చే ద్రవం 0.2 మిల్లీలీటర్లు మించకూడదు, ఎందుకంటే దాని ఒంట్లో మొత్తం రక్తమే 2 మిల్లీలీటర్లు ఉండదు. మత్తులో ఉన్న చిట్టెలుక చూస్తుండగానే చల్లబడిపోతుంది. ఒంటి పరిమాణానికి చర్మం ఎక్కువ కదా, వేడి నిలవదు. చల్లబడితే రక్త ప్రసారం మారుతుంది, ఎముకకు చేరే మందు మారుతుంది. కాబట్టి పడకకు వెచ్చటి గాలి రావాలి, ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలవాలి. ఆ వేడి తీగలు లోహంవి అయితే సీటీలో చారలు పడతాయి, అందుకే గాలి. గుండె చూసే ఎలక్ట్రోడ్లు కూడా కార్బన్‌వే వాడతాం.

ఇన్ని గొట్టాలతో పడక ముందు సీటీలోకి, అక్కడి నుంచి ఇంకా లోపలికి పెట్‌లోకి పోవాలి. ఒక చివరే పట్టుకుని ఉన్న పడక ముందుకు సాగేకొద్దీ కొస కిందికి వంగుతుంది. మనుషుల స్కానర్‌లో అర మిల్లీమీటరు వంగితే ఎవరికీ పట్టదు. చిట్టెలుకలో అర మిల్లీమీటరు అంటే తొడ ఎముక గోడకు రెండింతల పైన! పెట్ వెలుగు ఎముక మీద కాకుండా పక్క కండ మీద పడుతుంది. అందుకని పడకకు రెండో చివర కూడా ఆనిక ఇస్తాం, లేదా పడకను కదపకుండా యంత్రాల్నే జరుపుతాం. సన్నని గాజు గొట్టాల్లో ఫ్లోరిన్-18 నింపి, వంకరటింకరగా అమర్చి రెండింటిలోనూ తీసి, బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో తరచూ చూసుకుంటాం. ఇది చేయని ప్రయోగశాల అంకెల్ని నేను నమ్మను.

ఎం.ఆర్.ఐ.తో కలపడం గురించి కూడా చెప్పమన్నారు. అది ఇంకా కష్టమైన పని, ఇంకా గొప్ప పని. పాత పెట్‌లో వాడే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు అయస్కాంతంలో పనిచేయవు. మొదట్లో క్రిస్టల్ లోపలుంచి, వెలుగును పొడుగాటి ఫైబర్ల ద్వారా బయటికి తెచ్చారు. తర్వాత అయస్కాంతానికి లొంగని సిలికాన్ సెన్సర్లు వచ్చాయి. జర్మనీలోని ట్యూబింగెన్‌లో బెర్న్‌ట్ పిష్లర్ బృందం 7 టెస్లా ఎం.ఆర్.ఐ. లోపల పెట్ వలయం పెట్టి చిట్టెలుకల్ని ఒకేసారి రెండింటిలో తీసి 2008లో ప్రచురించింది. అక్కడ గొడవ రాగి తొడుగుతో. రేడియో తరంగాలు ఎలక్ట్రానిక్స్‌లోకి రాకుండా తొడుగు మందంగా ఉండాలి, మారే అయస్కాంత క్షేత్రానికి అందులో కరెంటు పుట్టి వేడెక్కకుండా పల్చగా ఉండాలి. పైగా సిలికాన్ సెన్సర్ వేడెక్కితే దాని లెక్క మారిపోతుంది. మెదడు, కండ, గడ్డలు చూడాలంటే నేను ఎం.ఆర్.ఐ.నే కోరుకుంటాను. గట్టి ఎముక మామూలు ఎం.ఆర్.ఐ.లో నల్లగా ఉంటుంది. కాబట్టి మన ఫ్లోరైడ్ ప్రశ్నకు సీటీయే సరి. ఏ ప్రశ్న అడగబోతున్నామో తేల్చుకోకుండా అన్నీ ఉన్న యంత్రం కొనేస్తే, ఆ తర్వాత దాని చుట్టూ ప్రశ్నలు వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఇలాంటిది నెల్లూరులోనో ఒంగోలులోనో పెట్టడం కుదురుతుందా అని ఒక మాస్టారు అడిగారు.)

కుదురుతుందండీ, కానీ గడియారం చూసుకోవాలి. మందు 110 నిమిషాలకు సగం. చెన్నై నుంచి తెప్పిస్తే, తయారైన దగ్గర్నుంచి నెల్లూరులో ఎలుకకు ఎక్కించేసరికి మూడున్నర గంటలకు పైనే అవుతుంది, నాలుగో వంతు మిగులుతుంది. ఒంగోలు వచ్చేసరికి ఎనిమిదో వంతు, ఇంకా తక్కువ. చిట్టెలుకకు కావలసింది చాలా తక్కువ కాబట్టి అది చాలు. రేడియోధార్మిక పదార్థాలకు ఏ.ఇ.ఆర్.బి., అంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, ఎలుకలకు సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి, రెండూ తప్పనిసరి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడ్డ కేంద్ర కమిటీ దగ్గర పేరు నమోదు కావాలి. ఈ అనుమతులంటే చాలామంది టెన్షన్ పడతారు. పడొద్దు. ఎన్ని ఎలుకలు, ఎందుకు, అంతకంటే తక్కువతో ఎందుకు కుదరదు అని వాళ్ళు అడిగే ప్రశ్నలు మనం ఎలాగూ వేసుకోవాల్సినవే.

(డబ్బు, యంత్రం లేకుండా మేమేం మొదలుపెట్టగలం అని ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకరు అడిగారు.)

చాలా మంచి మాట అడిగావమ్మా. గేట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, జియాంట్-4 (Geant4) అనే కణాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. పెట్ స్కానర్ మొత్తాన్ని కంప్యూటర్‌లో కట్టి, ఒక్కో గామా కిరణం ఎక్కడ తగిలిందో చూడొచ్చు. నీ లాప్‌టాప్ చాలు, రాత్రంతా నడవనివ్వు. చిన్న జంతువుల పెట్ పరీక్షకు 2008లో నెమా అనే అమెరికా విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం వాళ్ళు ప్రమాణం పెట్టారు, అందులో చిట్టెలుకకు బదులు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవున్న పాలిథిన్ దిమ్మ ఉంటుంది. ముందు దాన్ని పెట్టు. చుట్టూ 15 సెంటీమీటర్ల వలయం, 10 మిల్లీమీటర్ల కడ్డీలు. మందు చుక్కను నడుమ పెట్టి ఒకసారి, అంచు దగ్గరికి జరిపి ఒకసారి నడుపు. తర్వాత కడ్డీ పొడవు 20 చేసి రెండూ మళ్ళీ నడుపు. పట్టుకున్న కిరణాల లెక్క ఎంత పెరిగిందో, అంచు దగ్గర చుక్క ఎంత సాగిపోయిందో కాగితం మీద రాసుకుని నాకు పంపించు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.